దేవుని పేరట ప్రమాణము – ద్రాక్షతోటలో పని



2024 జూన్ నెలలో మన కృష్ణగిరి నియోజకవర్గము నుండి ఎన్నికైన శ్రీ కె. గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణ స్వీకారము చేశారు. హోసూరు మొదలుకొని తళి, జవళగిరి వరకు ఆ వార్త విని సంతోషించినవారు అనేకులు. ఇంటిలో తెలుగు, బజారులో తమిళము, అడవి అంచున కన్నడము మాట్లాడుకొని బ్రతికే మనకు, దేశపు పెద్ద సభలో మన మాట వినబడుట చిన్న సంగతి కాదు. ఆయన పనిని తూచుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. అది ఓటర్లందరూ కాలము వచ్చినప్పుడు చేయవలసిన పని. అయితే ఆ ప్రమాణము ఒక పాత ప్రశ్నను మరల మన ముందుకు తెచ్చినది. దానిని గూర్చి సంఘములన్నీ కలిసి ఆలోచించుట మంచిదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

భారత రాజ్యాంగము మూడవ షెడ్యూలులో సభ్యుని ప్రమాణమునకు రెండు మార్గములు ఉన్నవి. దేవుని పేరట ప్రమాణము చేయుట ఒకటి. దేవుని పేరు ఎత్తకుండ నిష్ఠతో ధ్రువీకరించుట రెండవది. ఈ రెండవ మార్గము నాస్తికుల కొరకే ఉన్నదని మనలో కొందరు అనుకొంటారు. అది సరి కాదు. కొండమీది ప్రసంగములో ప్రభువు ఒట్టు పెట్టుకొనవద్దని, మన అవును అవునుగాను, కాదు కాదుగాను ఉండవలెనని బోధించారు. ఆ బోధను అక్షరాల పాటించి, న్యాయస్థానములో ఒట్టు పెట్టుటకు ఒప్పుకొనక శిక్షలు అనుభవించిన క్వేకరు భక్తులు ఇంగ్లండు దేశములో ఎందరో ఉన్నారు.

ఇప్పుడు ప్రశ్న ఇది. దేవుని పేరట ప్రమాణము చేసి, ఆ పదవిని తన ఇంటికి వాడుకొన్నవాడు ఒకడు. దేవుని పేరు ఎత్తకుండనే, ఆ పదవిని పేదవాని కొరకు వాడినవాడు మరొకడు. వీరిద్దరిలో విశ్వాసి ఎవరిని గౌరవించవలెను? రెండవవానిని మెచ్చుకొంటే మన విశ్వాసమునకు లోటు కలుగునా? మెచ్చుకొనకపోతే మన న్యాయబుద్ధికి లోటు కలుగదా?

ఈ ప్రశ్నను గాలిలో కాక ఒక మనిషిని ముందుంచుకొని చూచుట మేలు. మన తెలుగువారిలో శాసనసభ్యునిగా, పార్లమెంటు సభ్యునిగా చాల ఏండ్లు పనిచేసి, దేవుని నమ్మని, అయినను శత్రువులచేత సైతము నిజాయితీపరుడనిపించుకొన్న పుచ్చలపల్లి సుందరయ్య గారిని తీసుకొందము.

సుందరయ్య గారు 1913 మే 1వ తేదీన నెల్లూరు జిల్లా అలగానిపాడు గ్రామములో పుట్టారు. నెల్లూరు అనగానే మన బాప్టిస్టులకు ఇంకొక సంగతి గుర్తుకు వచ్చును. 1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరులో మిషనును నెలకొల్పారు. ఫలము కనబడలేదని ఆ మిషనును మూసివేయవలెనని అమెరికాలో పలుమార్లు చర్చ జరిగినది. అయినను ఆ ‘ఒంటరి నక్షత్రము’ ఆరిపోలేదు. అక్కడ నుండియే పని ఒంగోలుకు, గుంటూరు వైపుకు ప్రాకినది. నేడు హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములలో చాలమంది తాత ముత్తాతల బాప్తిస్మపు లెక్క ఆ వైపు సంఘముల పుస్తకములలోనే ఉన్నది. కాబట్టి సుందరయ్య గారు మనకు పరాయి దేశపు మనిషి కాదు. మన మిషను తల్లి జిల్లాలో పుట్టిన మనిషి.

ఆయనది భూములున్న కుటుంబము. పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులమును తెలుపు ఆ తోకను ఆయన తీసివేసుకొన్నారు. మద్రాసులో లయోలా కళాశాలలో చదువుచుండగా 1930లో చదువు విడిచి గాంధీగారి సత్యాగ్రహములో చేరి, ఇంకను యౌవనుడై ఉండగానే జైలుకు వెళ్ళారు. తరువాత కమ్యూనిస్టు ఉద్యమములోనికి వచ్చి, వ్యవసాయ కూలీలను సంఘముగా కూర్చుటకు పూనుకొన్నారు. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలో ఆయన ఒకరు. తనకు వచ్చిన ఆస్తిని తన కొరకు ఉంచుకొనలేదు. 1943లో లీల గారిని వివాహము చేసుకొన్నారు. ప్రజల పనికి అడ్డు రాకూడదని భార్యాభర్తలిద్దరూ బిడ్డలు వద్దని నిర్ణయించుకొన్నారు. బిడ్డలు దేవుడిచ్చే స్వాస్థ్యము అని నమ్మే మనము ఆ నిర్ణయమును అనుసరింపనవసరము లేదు. అయితే పదవిలోనికి వచ్చినవారు కూడబెట్టుట దేని కొరకు అని అడిగితే నూటికి తొంబది మంది చెప్పే జవాబు ‘పిల్లల కొరకు’ అన్నదే గదా. ఆ జవాబు తన నోట రాకుండునట్లు ఆయన ముందుగానే తలుపు మూసుకొన్నారు.

1952లో ఆయన మద్రాసు రాష్ట్రము నుండి రాజ్యసభకు ఎన్నికైనారు. అప్పుడు మన హోసూరు, ఆ నెల్లూరు ఒకే మద్రాసు రాష్ట్రములో ఉండినవి. హోసూరు దగ్గర తొరపల్లిలో పుట్టిన రాజాజీ గారు ఆ సంవత్సరమే ఆ రాష్ట్రమునకు ముఖ్యమంత్రియై, కమ్యూనిస్టులను తన మొదటి శత్రువులుగా బహిరంగముగా ప్రకటించారు. అంత తీవ్రమైన పోరు నడిచిన కాలము అది. అట్టి కాలములో సుందరయ్య గారు ఢిల్లీలో తన పక్షమునకు నాయకునిగా కూర్చున్నారు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన సభ్యుడు అని ఆయనను నేటికీ తలంచుకొంటారు.

1955లో ఆంధ్ర రాష్ట్రములో మధ్యంతర ఎన్నికలు వచ్చినవి. కమ్యూనిస్టులు అధికారమునకు వత్తురని చాలమంది అనుకొన్నారు. తీరా ఫలితములు వచ్చినప్పుడు 196 స్థానములలో వారికి దక్కినవి 15 మాత్రమే. ఆ పదిహేనుమందిలో గన్నవరము నుండి గెలిచిన సుందరయ్య గారు ఒకరు. అధికారము వచ్చుననుకొన్న మనిషి ప్రతిపక్షపు బల్లమీద కూర్చొనవలసి వచ్చినది. ఆయన అక్కడ కూర్చున్నారు. 1967 వరకు ఆ సభలో ఉన్నారు. నడుమ 1964 చివర నుండి 1966 వరకు నిర్బంధములో గడిపారు. మరల 1978లో గన్నవరము నుండియే గెలిచి 1983 వరకు సభ్యునిగా ఉన్నారు. రెండు సభలలో కలిపి సుమారు ఇరువది ఏండ్లు. ఇన్ని ఏండ్లలో ఆయన ఒక్కనాడును మంత్రి కాలేదు.

ఈ సంగతి దగ్గర కొంచెము ఆగి ఆలోచించవలెను. అధికారము లేని సభ్యునికి చేతిలో ఏమి ఉండును? రోడ్డు మంజూరు చేయలేడు, ఉద్యోగము ఇప్పించలేడు, కాంట్రాక్టు ఇప్పించలేడు. ప్రశ్న వేయుట, లెక్క అడుగుట, చదివి వచ్చి మాట్లాడుట, ఇవి మాత్రమే చేయగలడు. ఏటి నీరు, కాలువ, కౌలు, కూలి అన్నప్పుడు ఆయన గొంతు పెంచుట కంటె అంకెలు చూపుటకు ఎక్కువ శ్రమపడినవారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ తేడా బాగుగా తెలియును. హాజరు పిలిచినప్పుడు గట్టిగా పలికినవాడే చదివినవాడు కాడు. పాఠము ఎవరు చదివినదీ పలక చూచినప్పుడు తెలియును.

ఆ పార్టీలో సభ్యులు తమ జీతమును పార్టీకి ఇచ్చి, పార్టీ ఇచ్చిన కొద్ది భృతితో బ్రతుకుట ఆచారము. సుందరయ్య గారికి అది నియమము మాత్రమే కాదు, స్వభావమై పోయినది. అందుకే ఆయనను ‘కమ్యూనిస్టు గాంధీ’ అన్నారు. 1985 మే 19వ తేదీన ఆయన కన్నుమూసినప్పుడు వారసులు పంచుకొనుటకు ఆస్తి లేదు.

ఇంకొక సంగతి. 1964లో ఏర్పడిన మార్క్సిస్టు పార్టీకి ఆయన మొదటి ప్రధాన కార్యదర్శి. దేశమంతటిలో ఆ పార్టీకి అంతకంటె పెద్ద పదవి లేదు. అయితే అత్యవసర పరిస్థితి కాలములో పార్టీ నడక విషయమై తోటి నాయకులతో అభిప్రాయ భేదము కలిగి, ఆయన రాజీనామా చేశారు. 1976 తరువాత ఆ పదవిలో లేరు. కాని పార్టీని చీల్చలేదు, వేరు కుంపటి పెట్టలేదు. తిరిగి తన రాష్ట్రమునకు వచ్చి చిన్న పనులలో చేయి పెట్టారు. ఆయన వాదన సరియైనదా కాదా అన్నది వేరు. పదవికి, మనస్సాక్షికి పోటీ వచ్చినప్పుడు పదవిని వదలుట ఎట్లో, వదలిన తరువాత తగువు లేకుండ పనిచేయుట ఎట్లో ఆయన చూపారు. కార్యదర్శి పదవి పోయినదని మరుసటి ఆదివారము నుండి వేరే ఇంటిలో కూడిక పెట్టుకొన్నవారిని మన సంఘములలో ఎందరిని చూడలేదు!

ఇంతవరకు చదివి కొందరు పెద్దలు మమ్మును ఆపుదురు. ‘బాగానే ఉన్నది, కాని ఆయన నాస్తికుడు గదా? తుపాకి పట్టిన పోరాటమునకు నాయకుడు గదా? ఆ పార్టీవారు మన సంఘములను ఏమి చేశారో మరచితిరా?’ ఇవి త్రోసివేయవలసిన మాటలు కావు. ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది, హింస. 1946 నుండి 1951 వరకు తెలంగాణములో జరిగిన సాయుధ పోరాటమును నడిపినవారిలో సుందరయ్య గారు ముఖ్యులు. 1972లో ప్రచురించిన తన పుస్తకములో, సుమారు మూడువేల గ్రామములలో పది లక్షల ఎకరముల భూమి పేదలకు పంచబడినదని, నాలుగువేల మంది వరకు కమ్యూనిస్టులు, రైతులు చంపబడిరని ఆయనే వ్రాశారు. అవతలి వైపు చంపబడినవారును ఉన్నారు. వెట్టిచాకిరి క్రింద నలిగిన ఆ పల్లెల బాధ నిజము. దొరల కొరడా నిజము. అయినను మనిషిని చంపి న్యాయము తెచ్చుటను మనము ఒప్పుకొనలేము. ప్రభువు పేతురుతో కత్తి ఒరలో పెట్టుమన్నప్పుడు పేతురు పక్షమున న్యాయము లేక కాదు. న్యాయమునకు కత్తి తగిన పనిముట్టు కాదు గనుక. ఒక్క మాట మాత్రము చెప్పవలెను. 1951 అక్టోబరులో ఆ పోరాటమును విరమించినారు. మరుసటి సంవత్సరమే సుందరయ్య గారు సభలో కూర్చున్నారు. తుపాకి విడిచి ప్రశ్నల కాగితము పట్టుకొన్నారు. మనము గౌరవించుచున్నది ఆ రెండవ చేతిని.

రెండవది, మన సంఘముల బాధ. ఆ పార్టీవారు ఆదర్శముగా చూపిన సోవియట్ దేశములో బాప్టిస్టు విశ్వాసులు ఎన్ని శ్రమలు పడిరో మన పాత పత్రికలు చదివినవారికి తెలియును. జార్జి విన్స్ అను బాప్టిస్టు పాస్టరు తన విశ్వాసము నిమిత్తము ఏండ్ల తరబడి చెరలో ఉండి, 1979లో దేశము నుండి వెళ్ళగొట్టబడి అమెరికాకు చేరారు. పేదవానికి రొట్టె ఇచ్చెదమని చెప్పిన ప్రభుత్వము పేదవాని ప్రార్థనను నేరముగా ఎంచినది. దీనిని దాచి సుందరయ్య గారిని పొగడుట సత్యము కాదు. ఒక మంచి మనిషి తన బ్రతుకులో చూపిన న్యాయమును, తాను నమ్మిన సిద్ధాంతము పరిపాలించిన దేశములన్నిటిలో వెదకి అడుగకపోవుట ఒక కొరత. ఆ కొరత ఆయనలోను, ఆయన తరము నాయకులు అనేకులలోను ఉన్నది.

మూడవది, అన్నిటికంటె బరువైనది. రక్షణ కృపవలననే గాని క్రియలవలన కాదు. ఇది మన ఒప్పుకోలు. సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళుటవలన ఎవరును పరలోకరాజ్యములో ప్రవేశింపరు. ఆస్తి యావత్తు పంచి ఇచ్చినను ప్రేమ లేనియెడల ప్రయోజనము లేదని పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాయలేదా? కాబట్టి సుందరయ్య గారి నిత్యత్వమును గూర్చి మేము ఏమియు చెప్పము. ఆ తీర్పు మన చేతిలో లేదు. అది మన చేతిలో లేనందుకు మనము సంతోషించవలెను.

అయితే ఈ మూడు మాటలను ఒప్పుకొన్న తరువాత కూడ మొదటి ప్రశ్న అక్కడే నిలిచి ఉన్నది. మత్తయి సువార్త 21వ అధ్యాయములో ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల ఉపమానము మనకు సండే స్కూలు నాటి నుండి తెలిసినదే. ద్రాక్షతోటకు వెళ్ళి పని చేయుమని తండ్రి చెప్పగా ఒకడు పోనన్నాడు, కాని తరువాత మనస్సు మార్చుకొని వెళ్ళాడు. మరొకడు మర్యాదగా సరే అన్నాడు, కాని వెళ్ళలేదు. తండ్రి చిత్తము ఎవరు చేశారని ప్రభువు అడిగారు.

ఉపమానమును లాగి సాగదీయరాదు. పోనన్న కుమారుడు చివరకు తండ్రి యొద్దకు మనస్సు త్రిప్పుకొన్నాడు. సుందరయ్య గారు అట్లు త్రిప్పుకొన్నారని చెప్పుటకు ఆధారము లేదు. కాబట్టి ఆ కుమారుని చొక్కా ఆయనకు పూర్తిగా సరిపోదు. అయితే ప్రభువు ఆ ఉపమానము ఎవరికి చెప్పారో చూడండి. పోనన్నవారికి కాదు. సరే అన్నవారికి. దేవాలయములో పెద్ద పీటల మీద కూర్చున్న ప్రధానయాజకులకు, పెద్దలకు చెప్పారు. బయటనున్నవాడు ఎంత మంచివాడో కొలుచుకొమ్మని కాక, లోపల కూర్చున్న నీవు తోటకు వెళ్ళితివా అని అడుగుటకే చెప్పారు. కాబట్టి సుందరయ్య గారి జీవితము మనకు ఆయన రక్షణను గూర్చిన చర్చ కాదు. మన విధేయతను గూర్చిన పరీక్ష.

ఈ ఆలోచన కమ్యూనిస్టుల నుండి అరువు తెచ్చుకొన్నది కాదు. మన బాప్టిస్టు తండ్రులు చాల ముందుగానే చెప్పినది. అమెరికాలో మత స్వేచ్ఛ కొరకు ప్రావిడెన్సు పట్టణమును 1636లో స్థాపించిన రాజర్ విలియమ్స్ గారు కొంతకాలము బాప్టిస్టు సంఘములో ఉన్నవారు. ఆ దేశపు మొదటి బాప్టిస్టు సంఘము ఆయన చేత మొదలైనది. ప్రభుత్వము నడుపువాడు క్రైస్తవుడే కావలెనని పట్టుబట్టవద్దని ఆయన 1644లో ప్రచురించిన పుస్తకములో వాదించారు. ఓడ నడుపువాడు అన్యుడైనను, తన పని తెలిసినవాడైతే, క్రైస్తవ నావికునివలెనే ఓడను రేవు చేర్చగలడని ఆయన పోలిక. ఓడ నడుపు జ్ఞానము వేరు, ఆత్మను రక్షించు కృప వేరు. రెండును దేవుని యొద్దనుండియే వచ్చును గాని, ఒకటి ఉన్నవానికి రెండవది ఉన్నదని గాని, ఒకటి లేనివానికి రెండవది లేదని గాని చెప్పరాదు. సంఘము వేరు, ప్రభుత్వము వేరు అని మనము బాప్తిస్మపు తరగతిలో నేర్పునది ఈ వేరు మీదనే నిలిచి ఉన్నది.

అయితే యౌవనులు దీనిని విని, మంచి నాయకుడు కావలెనంటే విశ్వాసము అడ్డు అని అనుకొనవచ్చును. అందుచేత సరే అని చెప్పి వెళ్ళిన కుమారుని కూడ చూపవలెను. మన మిషనరీలను పంపిన అమెరికా దేశములోనే, బాప్టిస్టు బోధకుడైన జాన్ లూయిస్ గారు ఉన్నారు. 1940లో అలబామాలో పేద కౌలు రైతుల ఇంట పుట్టారు. చిన్నప్పుడు ఇంటి కోళ్ళకు ప్రసంగించినవాడు. నాష్‌విల్‌లో బాప్టిస్టు సెమినరీలో చదివారు. నల్లవారి ఓటు హక్కు కొరకు 1965 మార్చి 7వ తేదీన సెల్మా పట్టణములో వంతెన మీద నడచుచుండగా పోలీసులు కొట్టిన దెబ్బలకు ఆయన తల పగిలినది. తిరిగి చేయి ఎత్తలేదు. ఆ ఆగస్టులోనే ఓటు హక్కు చట్టము వచ్చినది. 1986లో ఆ దేశపు ప్రతినిధుల సభకు ఎన్నికై, 1987 నుండి 2020లో మరణించు వరకు ముప్పదిమూడు ఏండ్లు ఆ సభలో కూర్చున్నారు. పేదల వైద్యము, ఓటు హక్కు, యుద్ధము వద్దనుట, ఇవి ఆయన విడువని మాటలు. 1961లో తనను కొట్టినవారిలో ఒకరు 2009లో వచ్చి క్షమాపణ కోరగా, ఆయన క్షమించి కౌగిలించుకొన్నారు.

ఇద్దరినీ ప్రక్క ప్రక్కన పెట్టి చూచితే మనకు రెండు పాఠములు దొరుకును. పేదవాని పక్షము నిలుచుట ఇద్దరిలో సమానము. దీర్ఘకాలము సభలో ఉండియు పదవిని ఇంటికి తీసుకొని పోకుండుట సమానము. కాని కొట్టినవానిని క్షమించు శక్తి, హింస లేకుండ హింసను ఎదుర్కొను ఓర్పు ఎక్కడనుండి వచ్చెనో జాన్ లూయిస్ గారు దాచుకొనలేదు. అది సువార్త ఇచ్చినది. విశ్వాసము పనిని అడ్డగించదు, పనికి లోతు ఇచ్చును. అడ్డగించినది విశ్వాసము కాదు, విశ్వాసము పేరట మనము కట్టుకొన్న సోమరితనము.

మన పూర్వికులలో కూడ ఈ సాక్ష్యము ఉన్నది. ఒంగోలులో క్లౌ దొరగారు మాదిగ విశ్వాసుల పిల్లలను బడిలో చేర్చుకొన్నప్పుడు, పై కులములవారు తమ పిల్లలను తీసుకొనిపోయెదమని బెదరించారు. ఆయన పేదవారినే పట్టుకొన్నారు. 1876–78 నాటి గొప్ప కరువులో, ఊరకే గంజి పోయుట చాలదని, బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టుగా తీసుకొని వేలమందికి పని, కూలి ఇచ్చారు. కరువు పని జరుగునంత కాలము బాప్తిస్మము ఇచ్చుటను ఆపి, అన్నము కొరకు ఎవరును సంఘములో చేరకుండునట్లు చూచుకొన్నారు. ఆ తరువాతనే 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. మన సంఘము పుట్టుకలోనే కాలువ త్రవ్విన మట్టి ఉన్నది. అట్టి సంఘపు బిడ్డలు ‘రాజకీయము లోకసంబంధము, మనకెందుకు’ అనుట తగునా?

మనకు ఎందుకో ఒక్క ఉదాహరణ చాలును. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులపు హోదా పోవుచున్నది. ఆ ఉత్తర్వును 1956లో సిక్కుల కొరకు, 1990లో బౌద్ధుల కొరకు సవరించారు. మన కొరకు సవరింపలేదు. 2023లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు శాసనసభలు రెండును దళిత క్రైస్తవులకు ఆ హోదా ఇవ్వవలెనని తీర్మానము చేసినవి. ఆ తీర్మానములకు మద్దతు ఇచ్చినవారిలో చాలమంది ఏ చర్చికీ వెళ్ళువారు కారు. మన బాధను మోసిన ఆ చేతులు ఏ మతమువని మనము అడుగలేదు. అట్లయితే ఇతరుల బాధను మోయునప్పుడు మన చేతులు మతము ఎందుకు అడుగవలెను? బన్నేరుఘట్ట వైపు నుండి ఏనుగులు దిగి జవళగిరి చుట్టుప్రక్కల రాగి చేలు త్రొక్కునప్పుడు, ఇది విశ్వాసి చేనా అవిశ్వాసి చేనా అని విచారింపవు. నష్టపరిహారపు అర్జీ వ్రాసి పెట్టువాడు కూడ విచారింపకూడదు.

ఇక మనకు చేతనైన తోటపని ఏది? మేము మూడు మాటలు మనవి చేసెదము.

ఒకటి, ఓటు. ఎన్నికల ముందు రాత్రి ఇంటింటికి కవరు వచ్చుట అందరికీ తెలిసినదే. అది తీసుకొని ‘మేము వేయవలసినవారికే వేసెదము, డబ్బుకు ఏమి’ అని విశ్వాసులు సైతము అనుచున్నారు. ఓటు అమ్మినవాడు సభ్యుని నిజాయితీని అడుగు హక్కును దానితోనే అమ్మివేసెను. సైకిలు మీద వెళ్ళు సభ్యుడు కావలెనని కోరువారు, అతడు కవరు పంచలేడని ముందుగా ఒప్పుకొనవలెను. నియోజకవర్గములో నిలిచినవాడు దేవుని పేరు ఎన్నిసార్లు ఎత్తెను, మన చర్చి వార్షికోత్సవమునకు ఎంత పెద్ద దండతో వచ్చెను అన్నది కాదు. పోయిన అయిదేండ్లలో ఎవరి కొరకు ప్రశ్న వేసెను అన్నది చూడండి.

రెండు, సంఘములోని పదవి. డీకను, కార్యదర్శి, కోశాధికారి, ఇవి కూడ ఎన్నికైన పదవులే. ప్రార్థనతో, దేవుని పేరట అప్పగింపబడినవి. లెక్కల పుస్తకము సంవత్సరమునకు ఒక్కసారియైనను సంఘము ముందు చదువబడుచున్నదా? సంఘపు స్థలము, అద్దె, కానుక, వీటిలో ఒక రూపాయికి జవాబు అడిగినవానిని విరోధిగా చూచుచున్నామా? దేవుని నమ్మని మనిషి మరణించినప్పుడు పంచుకొనుటకు ఆస్తి లేకపోగా, దేవుని సంఘపు పెద్ద పదవి దిగునప్పుడు తగువు మిగిలితే, ఉపమానములోని ఏ కుమారుడు మనమో వేరుగా చెప్పనక్కరలేదు.

మూడు, మన బిడ్డలు. ఇంజనీరు కావలెను, విదేశము వెళ్ళవలెను అని ప్రార్థించుచున్నాము. మంచిదే. మన బిడ్డ పంచాయతీ సభ్యుడు కావలెనని, న్యాయముగా నిలువవలెనని ఎవరమైనను ప్రార్థించితిమా? వలస వచ్చినవారము గనుక తల వంచుకొని బ్రతుకుట అలవాటైనది. కాని మనము ఇక్కడ వచ్చిపోవువారము కాము. ఇల్లు కట్టుకొన్నాము, బావి త్రవ్వుకొన్నాము, పెద్దలను ఈ మట్టిలో సమాధి చేసుకొన్నాము. యిర్మీయా ప్రవక్త చెరలోనున్నవారికి ఉత్తరము వ్రాయుచు, మీరున్న పట్టణపు క్షేమమును వెదకుడి, దాని క్షేమములోనే మీ క్షేమము ఉన్నదని తెలిపెను. తమిళుల నడుమ, కన్నడిగుల నడుమ ఉన్న తెలుగు విశ్వాసి ఈ ఊరి రోడ్డును, ఈ ఊరి నీటిని, ఈ ఊరి బడిని తనవిగా ఎంచి పని చేయవలెను.

సుందరయ్య గారి వంటివారిని మనము గౌరవించుట వలన సువార్త చిన్నది కాదు. దేవుడు తన సూర్యుని అందరి మీదను ఉదయింపజేయువాడు గనుక, తనను ఎరుగనివాని చేతిలో సైతము కొంత న్యాయమును, కొంత దయను ఉంచగల సమర్థుడు. దానిని చూచి కృతజ్ఞత చెప్పుట భక్తియే. అట్టివారి కొరకు మనము చింతించుచు, ఇంత చేసినవారు ఆయన ప్రేమను కూడ ఎరిగియుంటే ఎంత బాగుండెనని అనుకొనుటయు భక్తియే. కాని వారి నాస్తికత్వమును చూపి మన ఖాళీ చేతులను కప్పుకొనుట మాత్రము భక్తి కాదు.

ప్రతి ఆదివారము మనము లేచి నిలిచి సరే ప్రభువా అనుచున్నాము. సోమవారము ఉదయము తోట తలుపు తెరిచియే ఉన్నది. ఆ తలుపు దాటి వెళ్ళు కృపను ప్రభువు మనకును, మన బిడ్డలకును, మనలను ఏలువారికిని దయచేయును గాక. ఆమేన్.